చెల్లని కట్ట

ఆమె పోయిందని ఫోన్లో విన్నప్పుడు ఏడుపు వచ్చింది. కోపం మాత్రం మర్నాడు తాండూరు వెళ్లి ఆ ఫ్లెక్సీ చూశాక వచ్చింది. ఇంకా తగ్గలేదు. కాలనీ మొదట్లో, సగం తవ్వి వదిలేసిన మోరీకి, అంటే మురుగుకాలువకు, అటూ ఇటూ కర్రలు పాతి దాన్ని కట్టారు. మధ్యలో మాజీ కౌన్సిలరు గారి భర్త చేతులు జోడించి నిలువెత్తున ఉన్నాడు. కౌన్సిలరుగా పనిచేసిన ఆవిడ ఆయన భుజం దాకా వచ్చింది. కింద ఓ మూలన, ఆధార్ కార్డులోంచి తీసి సాగదీసిన ఫోటోలో, మా మనిషి. 'పోరాట యోధురాలికి కన్నీటి వీడ్కోలు' అట! ఏ మోరీ కోసం ఆమె పన్నెండేళ్లు కాళ్లరిగేలా తిరిగిందో, దాన్ని సగంలో ఆపించిన మనిషే, ఆ మోరీ మీదే నిలబడి కన్నీరు కారుస్తున్నాడు. మనిషన్నాక కాస్త సిగ్గుండాలి.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికినన్నాళ్లూ 'మోరీ ఆమె మళ్లొచ్చింది' అని మొహం తిప్పుకున్నవాళ్లే ఇప్పుడు ఆ పేరును జానెడు అక్షరాల్లో అచ్చేయించారు. అది వాళ్లకే ఉండనీ. కాలనీలో ఆమెను అందరూ అక్క అనేవారు, ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా. నేనూ అలాగే పిలిచాను.

నేను ఆ కాలనీ బడిలో చాలా ఏళ్లు పంతులుగా పనిచేసి, పోయినేడు రిటైరయ్యాను. ఇల్లు వికారాబాద్‌లో. రోజూ పొద్దున రైలుబండెక్కి తాండూరులో దిగి, బజారు దాటి, పాలిషింగ్ షెడ్లు దాటి నడిచేవాణ్ని. తాండూరు అంటే బయటివాళ్లకు కందిపప్పు, నున్నటి బండలు. ఆ బండల్ని కోసి రుద్దేటప్పుడు నీళ్లు పోస్తారని, ఆ నీళ్లతో రాతిపిండి కలిసి తెల్లటి బురదగా బయటికి పారుతుందని, బయటివాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. అది పారే దారిలోనే మా కాలనీ. ఎండాకాలం ఆ బురద ఎండి పిండిలా లేస్తుంది, అన్నంలో పడుతుంది. వానాకాలం గడప దాటి లోపలికి వస్తుంది. ఒకప్పుడు అది పంచాయతీ కింద ఉండేది. మునిసిపాలిటీలో కలిపాక ఇంటిపన్ను నోటీసులు ఏ ఇంటికీ దారి తప్పకుండా వచ్చాయి. మోరీ ఒక్కటే దారి తప్పింది.

అక్క షెడ్డులో పనిచేసేది. ఆమె భర్త కూడా అక్కడే ఆ దుమ్ము మింగి మింగి పోయాడు. ఆయన ఫుల్‌చేతుల చొక్కాలు ఏడో ఎనిమిదో మిగిలితే, చీర మీద ఒకదాని తర్వాత ఒకటి తొడిగి చిరిగేదాకా వాడింది. షెడ్డులో వాడింది, పెళ్లిళ్లలో వాడింది, చివరికి నామినేషన్ వేసిన రోజూ అదే. ఎవరైనా వేరే ఏదైనా కట్టుకోమంటే, "ఇది తీస్తే నన్నెవరు గుర్తువడ్తరు?" అనేది. ఆమెకు కోపం వస్తే అందరిలా గొంతు లేవదు, తగ్గుతుంది. బాగా కోపమొచ్చిన రోజు మనం ముందుకు వంగి వినాల్సి వచ్చేది. ఎంత పెద్ద ఆఫీసరయినా వంగాల్సిందే.

జిల్లా ఆఫీసులో సోమవారాలు అర్జీలు తీసుకుంటారు. అక్క షెడ్డు పని మానుకుని, తాండూరులో పొద్దుటి బండెక్కి వికారాబాద్‌లో దిగేది. నేను వికారాబాద్‌లో ఎక్కేవాణ్ని. ఆ బండ్లు రెండూ దాదాపు ఒకే వేళకు వచ్చేవి కాబట్టి ప్లాట్‌ఫారం మీద మాకు అర నిమిషం దొరికేది. "బడిల గంట నువ్వు కొట్టు సారూ, ఆఫీసుల గంట నేను కొడ్త" అని నవ్వుతూ మెట్లవైపు వెళ్లిపోయేది. ఆ నవ్వు చూసి నేను చాలాకాలం ఏదో ఒకటి జరుగుతుందనే నమ్మాను.

ఒకసారి సెలవు పెట్టి ఆమెతో పాటు ఆఫీసుకు వెళ్లాను. కూర్చోమని కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, ఎండిన తెల్ల బురద పెడ్డ తీసి అధికారి బల్ల మీద, ఫైళ్ల పక్కన పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"మా ఇంటి ముంగటి తొవ్వ సారూ. మీరు రారు గద, నేనే తెచ్చిన."

ఆయన బంట్రోతును పిలిచి ఆ పెడ్డ తీయించాడు, అర్జీ మీద ఏదో గీకి పక్కకు తోశాడు. బయటికొచ్చాక నేను, "కుర్చీ వేస్తే కూర్చోవచ్చు కదా అక్కా" అన్నాను.

"కూసుంటే చాయ్ తెప్పిస్తరు. చాయ్ తాగినంక కొట్లాడబుద్ధి కాదు సారూ."

ఆ అర్జీలన్నీ రాసింది నేనే. మొట్టమొదటిది తిప్పి పంపారు. మోరీ గురించి నేను రాసిన రెండు పేజీలు గుమాస్తా చదవనేలేదు. నేరుగా కింద చూశాడు. "సంతకాల్లేవు, ఏలుముద్రల్లేవు. ఎవరడిగిన్రని నేను రాసుకోవాలె? పో, ముద్రలు పెట్టిచ్చుకరా" అన్నాడట. మర్నాడు సాయంత్రం బడి స్టాంపు ప్యాడు పట్టుకుని నేను, కాగితం పట్టుకుని అక్క, ఇల్లిల్లూ తిరిగాం. కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఊదారంగు వేళ్లు ఒత్తారు. గుమాస్తా మారుమాట్లాడకుండా తీసుకున్నాడు. ఇక అక్కకు అది శాసనమైంది. "ఏలు వడ్డంకనే మాట గట్టిగైతది" అనేది. బురద గురించి అర్జీ అయినా, వీధి దీపం గురించి అయినా, కింద వేళ్లు పడకుండా ఇల్లు కదలదు. బడిలో పిల్లల టీసీల మీద కొట్టినదానికంటే కాలనీ వేళ్లకు పూసిన సిరాయే ఎక్కువ.

ఆ వేళ్ల గురించి ఇంకో సంగతి చెప్పాలి. రాయి రుద్ది రుద్ది వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. నెలనెలా రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే పడదు. తుడిచి పెట్టు, తడిచేసి పెట్టు, ఎడమది పెట్టు, రేపు రా. మొగులమ్మ అని అక్క పక్కింటామె, షెడ్డులో అక్క జోడీ, ఒక నెల నాలుగుసార్లు తిరిగింది. చివరికి డీలరు విసుక్కుని, "నీ ఏలు నీది కాదంటుంది మిషన్, నేనేం జెయ్యాలె?" అన్నాడు. పక్కనే ఉన్న అక్క ఊరుకోలేదు. "మిషన్ ఎప్పుడన్న బండ మోసిందా? దానికేం తెల్సు ఎవరి ఏలు ఎవరిదో?" అంది. అదీ తక్కువ గొంతుతోనే. ఆ రోజు బియ్యం ఇచ్చాడు.

ఎన్నికలొచ్చినప్పుడు మా వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. వార్డంటే సగం మా కాలనీ, సగం బజారు వైపు మంచి వీధి. ఆ వీధికి ఎప్పటినుంచో మోరీ ఉంది, దీపాలున్నాయి. కౌన్సిలరు ఎప్పుడూ అటువైపు మనిషే. ఈసారి కూడా అటువైపు ఓ పెద్దమనిషి భార్యతో నామినేషన్ వేయించాడు. ఆవిడ పేరు గోడల మీద తప్ప ఎక్కడా కనబడలేదు. ఓట్లడిగింది, దండలేయించుకుంది, మాట్లాడింది అన్నీ ఆయనే.

"అర్జీ తీస్కపోతే బల్లకు ఇవుతల నిలవెడ్తున్నరు. జర అవుతలికి పోయి కూసుంట సారూ. గప్పుడు మోరీ ఎట్ల రాదో చూస్త" అంది అక్క. కుర్చీ వద్దన్న మనిషి కుర్చీ కోసం నిలబడింది. ఎందుకో నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

ఏ పార్టీ లేదు. బకెట్టు గుర్తు వచ్చింది. ఆమె ప్రచారం తాండూరులో కొన్నాళ్లు చెప్పుకున్నారు. కాలనీలో ఒక ప్లాస్టిక్ బకెట్టు నిండా తెల్ల బురద ఎత్తుకుని మంచి వీధిలోకి పోయేది. ఒక్కో ఇంటి ముందూ దించి, "ఇది మా వాకిట్లది. మీ వాకిట్ల పోస్త లేను, భయపడకుండ్రి. ఒక్కసారి చూసి ఓటెయ్యిండ్రి" అనేది. కొందరు తలుపులు వేసుకున్నారు. కొందరు నిజంగానే వంగి చూశారు. ఆ వీధిలోనూ ఆమెకు ఓట్లు పడ్డాయని నాకు తర్వాత తెలిసింది.

ప్రచారం సాగినన్నాళ్లూ నేను బడి గంట కొట్టగానే తల దించుకుని స్టేషన్ దారి పట్టాను. ప్రభుత్వ ఉద్యోగం, ప్రచారంలో ఉన్నానని ఎవడైనా ఫోటో తీస్తే ఉన్నదీ పోతుంది. అక్కే ముందు అంది, "నువ్వు రాకు సారూ, నీ నౌకరి పోతది" అని. ఆ మాట పట్టుకుని నేను దాక్కున్నాను. ఈ ఎన్నికకు మిషన్లు కావు, బ్యాలెట్ కాగితాలు. కాగితం ఎలా మడవాలో, ముద్ర ఎక్కడ కొట్టాలో చెప్పడం ప్రచారం కాదు. అది నాకు తెలుసు. అయినా వెళ్లలేదు. కాలనీ ఆడవాళ్లకు అది చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్నే. ఓటెయ్యండి, ఓటు విలువైనది అని మైకు పెట్టిన జీపు ఒకటి మంచి వీధిలో మూడుసార్లు తిరిగింది. మా కాలనీ బురదలోకి దాని చక్రం దిగలేదు.

లెక్కింపు డ్యూటీ పడింది నాకు. ఎవరి బల్లకు ఏ వార్డు వస్తుందో పొద్దున చీటీ చేతికిచ్చేదాకా తెలియదు. నా చీటీ మీద మా వార్డే ఉంది. అభ్యర్థిని ఎరుగుదును, నన్ను మార్చండి అనాల్సింది. అనలేదు. ఆమె గెలుపును నా చేత్తో లెక్కపెట్టాలనిపించింది. మా బల్లలకూ ఏజెంట్లకూ మధ్య కట్టిన జాలీ అవతల అక్క తరఫు ఏజెంటుగా మొగులమ్మ కూర్చుంది. అక్క మాత్రం ఆడవాళ్లందరితో బయట గేటు దగ్గరే నిలబడింది.

పెట్టె గుమ్మరించి మడతలు విప్పుతున్నాం. బకెట్టు, బకెట్టు, బకెట్టు. లోపల్లోపల సంబరం. అంతలో ఒక కాగితం విప్పితే, బకెట్టు బొమ్మ మీద స్వస్తిక్ ముద్ర చక్కగా పడింది. దాని పక్కనే, ఊదారంగులో, బొటనవేలు.

నాకు అర్థమైపోయింది. ఓటేసే ముందు బల్ల దగ్గర సంతకం రానివాళ్లతో పుస్తకంలో వేలిముద్ర వేయిస్తారు. ఆ సిరా ఆరకముందే కాగితం చేతికిస్తారు. లోపలికి పోయి ముద్ర కొట్టి, మాట గట్టిపడాలని, పక్కన వేలు కూడా వేసి వచ్చారు. అక్క కోసం వేసేది మామూలుగా ఎలా వేస్తారు? అర్జీ మీద వేయనిదే చెల్లదన్నది ఆ ఆఫీసే కదా!

"చెల్లదు" అన్నాడు లెక్కింపు అధికారి. "ఓటరెవరో తెలిసే గుర్తు ఉండొద్దు."

అవతలి ఏజెంటు పడిపడి నవ్వాడు. "గిది ఓటా, అర్జా సార్?" అన్నాడు. మా బల్ల దగ్గర వాళ్లూ నవ్వారు. నేను నవ్వలేదు, కానీ నోరూ విప్పలేదు. విప్పితే ఏమనేవాణ్నో ఇప్పటికి ఎన్నోసార్లు అనుకున్నాను. అయ్యా, నెలనెలా రేషన్ మిషన్ ఈ వేలు ఎవరిదో తెలియడం లేదని బియ్యం లేకుండా తిప్పి పంపుతోంది. బియ్యం దగ్గర తెలియని వేలు ఓటు దగ్గర ఎలా తెలిసింది? రూలు తప్పని నేననను. రూలు పుస్తకంలో అట్లాగే ఉంది. కానీ ఆ రూలును ఆ ఇళ్లకు తీసుకెళ్లి చెప్పకపోవడం ఏ పుస్తకంలో ఉంది?

ఆ తర్వాత అలాంటివి వస్తూనే ఉన్నాయి. అధికారి ఒక్కో కాగితాన్ని జాలీ వైపు ఒకసారి ఎత్తి చూపి, కింద పెట్టేవాడు. మొగులమ్మ కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. చదువు రాని మనిషి, ఏమర్థమవుతుందిలే అనుకున్నాను. చివర్లో చెల్లని కాగితాలకు రబ్బరు బ్యాండు నేనే వేశాను. అక్క ఎంత తేడాతో ఓడిందో ఆ కట్ట అంతకంటే లావుగా ఉంది. ఆ కట్ట బరువు నా చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటుంటే అక్క బడికి వచ్చింది. గోడకానుకుని నిలబడి, "ఎట్ల ఓడిన సారూ? నువ్వు లోపలున్నవు గద, నిజం చెప్పు" అంది.

చెప్పాను. ఆమె అడిగింది. నేను వంగి వినాల్సి వచ్చింది.

"మొగులమ్మకు చెప్పినవా?"

"లేదక్కా."

"చెప్పకు. ఎవ్వరికి చెప్పకు. మా చేతులతోటే అక్కను ముంచినమని తెలిస్తే గా ఆడోళ్లు మల్ల ఓటుకు రారు. అర్జీ మీద గూడ ఏలు వెయ్యరు."

"మరి ఎట్ల ఓడినవని అడిగితే?"

"దొంగ ఓట్లు గుద్దుకున్నరని చెప్త. వాళ్లకు కోపముండనీ సారూ, మంచిదే. సిగ్గు ఉండొద్దు."

నేను సరేనన్నాను. ఆమె అలాగే చెప్పింది. ఆ తర్వాతి సోమవారం మళ్లీ బండి దిగింది, కొంగున పెడ్డతో. గెలిచినవాళ్లు ఒక ఏడాది మోరీ పని మొదలుపెట్టించి, మంచి వీధి చివరిదాకా కట్టించి, మా కాలనీ మొదట్లో నాలుగు గజాలు తవ్వి ఆపేశారు. అంటే మంచి వీధి నీళ్లు కూడా ఇప్పుడు నేరుగా మా కాలనీలోకే వస్తాయి. దీన్ని అభివృద్ధి అంటారని నాకు తెలియదు. అక్క అర్జీల మీద అర్జీలు పెట్టింది. పోయిన వానాకాలం ఆ బురదలోనే, నీళ్ల బిందెతో వస్తూ జారి పడింది. తుంటి విరిగింది. అంబులెన్సు కాలనీ మొదట్లోనే ఆగిపోతే మంచం మీద పడుకోబెట్టి ఆడవాళ్లే మోశారు. మళ్లీ లేవలేదు. మంచంలోంచి కూడా ఒక అర్జీ చెప్పి రాయించింది, అందులో తుంటి సంగతి ఒక్క ముక్క లేదు.

దినాలకు వెళ్లాను. భోజనాలయ్యాక షెడ్డు ఆడవాళ్లంతా ఆమె వాకిట్లో చేరారు. ఎన్నికలు మళ్లీ దగ్గరపడ్డాయి, ఆ మాటలే. మొగులమ్మ నా పక్కకొచ్చి కూర్చుని, "ఈపారి నేను నామినేషన్ ఏస్త సారూ" అంది. అందరూ తలలూపారు. ఒకామె, "గప్పుడు దొంగ ఓట్లు గుద్దుకున్నరు గని..." అంటూ మొదలుపెట్టింది.

నా వల్ల కాలేదు. అక్కకిచ్చిన మాట నిలబెట్టుకుంటే వీళ్లు మళ్లీ అదే చేస్తారు, మళ్లీ ఎవడో పడిపడి నవ్వుతాడు. మాట తప్పితే ఆమె దేనికి భయపడిందో అదే జరుగుతుంది. చెప్పేశాను. దొంగ ఓట్లు కావని, వేళ్ల వల్లే పోయిందని, ఆ కట్ట కట్టింది నేనేనని, మీకు చెప్పొద్దని అక్క నా దగ్గర మాట తీసుకుందని. చెప్పి తల దించుకున్నాను.

ఎవరూ ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. మొగులమ్మ తన బొటనవేలు నా మొహం ముందు పెట్టింది. మధ్యలో అడ్డంగా లోతైన గాటు, ఎప్పుడో బండ పెచ్చు తెగ్గోసింది.

"నేను జాలీ అవుతల కూసోలే? గా సారు కాయిదం ఎత్తి చూపిండు. నా ఏలు నేను గుర్తువట్టనా?" అంది. "గా దినమే అందరికి చెప్పిన. అక్కకు తెలిస్తే పానం ఉసూరుమంటదని మేమే చెప్పలే. దొంగ ఓట్లని ఆమె అంటుంటె, అవునక్కా అన్నం."

ఆమె వాళ్ల నుంచి దాచింది. వాళ్లు ఆమె నుంచి దాచారు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఇన్నేళ్లు ఒకే వాకిట్లో కూర్చుని ఆ దొంగల్ని కలిసి తిట్టుకున్నారు. చెప్పాల్సిన కొలువులో ఉన్నవాళ్లం మాత్రం, నాతో సహా, జీతాలు తీసుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు.

మొగులమ్మ ఆడవాళ్లందరినీ దగ్గరికి జరగమని, నావైపు తిరిగింది.

"ఏడ్సుడు చాలు సారూ. నీ నౌకరి అయిపోయింది గద, ఇగ భయం లేదు గద? చెప్పు మల్ల. ముద్ర ఎట్ల గుద్దాలె?"